సుగ్గికి పోయేవారి సంచిలో మాత్రలు వుండాలి

దీపావళి దాటిందంటే కర్నూలు పడమటి మండలాల్లో ఇళ్ళకు తాళాలు పడతాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఆలూరు, హొళగుంద, ఏ వైపు పోయినా ఇదే వరస. బుడ్డలు పీకినాక, పత్తి ఒకటి రెండు తీతలు అయినాక చేలో పని వుండదు. జనం సుగ్గికి పోతారు. కొందరు గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయ కోతకు, కొందరు తెలంగాణలో పత్తి తీయడానికి, ఇంకొందరు బెంగుళూరు, బొంబాయిలకు మేస్త్రీల కింద పనికి. ఊళ్ళో ముసలివాళ్ళు, బడి పిల్లలు మిగులుతారు. చాలామంది తిరిగి వచ్చేది ఉగాదికే.

కడప వైపు సుగ్గి వేరు. రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు ప్రాంతాల నుంచి మగవాళ్ళు డ్రైవర్లుగా, ఆడవాళ్ళు ఇంటి పనికి కువైట్ పోతారు. అది నెలల లెక్క కాదు, ఏళ్ళ లెక్క.

ఈ వలసల గురించి, మేస్త్రీల అడ్వాన్సుల గురించి, ఏజెంట్ల మోసాల గురించి పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. వాటితోపాటు మాట్లాడుకోవలసిన సంగతి ఇంకొకటి వుంది. అది హెచ్.ఐ.వి. వలస పోయేవారందరికీ ఈ జబ్బు వుంటుందని దీని అర్థం కాదు. అలా ఎవరైనా అంటే అది కూలివాడి మీద వేసే ఇంకొక నింద. అయితే ఇల్లు విడిచి నెలల తరబడి వుండేవాడు, ఆసుపత్రి ఎక్కడుందో తెలియని చోట బతికేవాడు ఏ జబ్బుకైనా తేలిగ్గా చిక్కుతాడు. ఇప్పటికే జబ్బు వున్నవాడు వైద్యానికి దూరమవుతాడు. ఈ రెండో ముక్క గురించే ఈ వ్యాసంలో ఎక్కువ చెప్పదలచుకొన్నాను. ముందు జబ్బు సంగతి.

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల కలిసి మన దేశంలో తొలిసారి ఈ వైరస్‌ను రక్తనమూనాల్లో పట్టుకొన్నారు. అప్పట్లో అది ఎక్కడో పట్నాల జబ్బు అనుకొన్నారు. పది పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ఈ జబ్బు ఎక్కువగా వున్న రాష్ట్రాల జాబితాలో చేరింది. 2000 తర్వాత తొలి సంవత్సరాల్లో రాష్ట్రంలో గర్భిణులకు పరీక్షలు చేస్తే నూటికి ఒకరి దాకా జబ్బు బయటపడుతుండేది. ఆ రోజుల్లోనే బస్టాండుల్లో, రోడ్ల పక్కన ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని పెద్ద పెద్ద బోర్డులు వెలిశాయి. జనం నవ్వుకొన్నారు. పిల్లలు ఒకరినొకరు పులిరాజా అని వెక్కిరించుకొన్నారు. ఏమైతేనేం, ఆ మాట నోట్లో పలకడానికి జంకే జనం దాన్ని రచ్చకట్ట మీద పలికారు. ప్రభుత్వం పెట్టిన బోర్డుల్లో అంతగా పనిచేసినది మరొకటి నాకు గుర్తు రాదు.

ఇప్పుడు ఆ బోర్డులు లేవు. జబ్బు కూడా లేదనుకొంటున్నారు. దేశంలో కొత్తగా సోకేవారి సంఖ్య 2010తో పోలిస్తే 2021 నాటికి సగానికి దగ్గరగా తగ్గిన మాట నిజమే. కాని దేశంలో ఈ వైరస్‌తో బతుకుతున్నవారు అప్పటికి సుమారు 24 లక్షల మంది. వారిలో 3 లక్షల పైచిలుకు మన ఆంధ్రప్రదేశ్‌లోనే వున్నారు. అంటే ఈ జబ్బు వున్నవారు ప్రతి బస్సులో, ప్రతి సంతలో మన మధ్యనే వున్నారు. పైకి చూస్తే ఎవరికీ తెలియదు.

తెలియకపోవడంలోనే చిక్కు వుంది. వైరస్ ఒంట్లో చేరినాక మందు వాడకపోయినా ఎనిమిది పదేళ్ళ దాకా మనిషి మామూలుగా పని చేసుకొంటాడు, మూటలు మోస్తాడు, పిల్లల్ని కంటాడు. లోపల మాత్రం జబ్బులతో పోరాడే రక్తకణాలను ఆ వైరస్ మెల్లమెల్లగా తినేస్తుంటుంది. కాపలా పోయిన కల్లంలో పశువులు పడ్డట్లు, ఆ తర్వాత క్షయ వస్తుంది, విడవని విరేచనాలు వస్తాయి, నోట్లో పూత వస్తుంది, మనిషి ఎండుకట్టె అవుతాడు. ఆ దశనే ఎయిడ్స్ అంటారు. హెచ్.ఐ.వి. వున్న ప్రతివాడికీ ఎయిడ్స్ వున్నట్లు కాదు. సమయానికి మందు మొదలుపెడితే ఆ దశ రాకుండానే ముసలితనం దాకా బతకవచ్చు.

జబ్బు వచ్చే దారులు లెక్కకు కొన్నే. వైరస్ వున్నవారితో నిరోధ్ లేకుండా కలవడం వాటిలో మొదటిది, అన్నిటికంటె పెద్దది. మగవారి నుంచి ఆడవారికి, ఆడవారి నుంచి మగవారికి, మగవారి నుంచి మగవారికి, ఎటైనా సోకుతుంది. ఆడవారికి సోకే అవకాశం శరీరనిర్మాణం వల్ల ఇంకాస్త ఎక్కువ. సెగ, పుండ్లు వంటి సుఖవ్యాధులుంటే వైరస్‌కు తలుపు తెరిచి పెట్టినట్లే. వాటికి నాటుమందులు వాడుతూ దాచుకోకుండా ఆసుపత్రికి పోతే ఈ ముప్పు కూడా తగ్గుతుంది. నిరోధ్ పేరు మన పల్లెలకు కొత్త కాదు. కుటుంబ నియంత్రణ కోసం 1968 నుంచి ప్రభుత్వం పంచుతున్నదే. అప్పుడు బిడ్డలు వద్దనుకొంటే వాడమన్నారు. ఇప్పుడు ప్రాణం కోసం వాడమంటున్నారు. సరిగా వాడితే అది రెండు పనులూ చేస్తుంది.

సూది మరొక దారి. మన పల్లెల్లో జ్వరమొచ్చినా, నడుము పట్టినా సూది వేయకపోతే వైద్యం జరిగినట్లు లెక్కలేదు. మాత్ర ఇచ్చి పంపే డాక్టరుకు పేరు రాదు. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్మావు ప్రాంతంలో ఒకేచోట పదుల మందికి హెచ్.ఐ.వి. బయటపడింది. చవకగా వైద్యం చేస్తూ ఊరూరా తిరిగే ఒకతను అదే సూదిని అందరికీ వాడడమే కారణమని అధికారులు చెప్పారు. మరుసటి ఏడు పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో రతోదేరో అనే ఊరి చుట్టుపక్కల వందల మంది పసిపిల్లలకు సోకింది. అక్కడా వాడిన సూదులే మళ్ళీ వాడడం ముఖ్య కారణమని తేల్చారు. కాబట్టి సూది అవసరమా అని డాక్టరును అడగండి. అవసరమంటే కొత్త సిరంజి కవరు మీ ఎదుటే చింపమనండి. ఆయనకు కోపం వస్తే రానివ్వండి. జాతరల్లో ఒకే సూదితో పదిమందికి పచ్చబొట్టు పొడిచే చోట కూడా చేయి చాచవద్దు. రక్తం ఎక్కించవలసి వస్తే లైసెన్సున్న రక్తనిధి నుంచే తీసుకోవాలి. అక్కడ ప్రతి సీసాకూ పరీక్ష వుంటుంది. డబ్బుకు రక్తం అమ్ముకోవడాన్ని 1998 జనవరి 1 నుంచి దేశమంతటా నిషేధించారు.

మూడవది తల్లి నుంచి బిడ్డకు. కడుపులో వుండగా, కాన్పు సమయంలో, చనుబాల ద్వారా సోకవచ్చు. మందు లేకుంటే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు వస్తుంది. తల్లి మందు సక్రమంగా వాడి, పుట్టిన బిడ్డకు డాక్టర్లు ఇచ్చే చుక్కల మందు పోస్తే అది నూటికి ఐదుకు లోపే. అందుకే గర్భిణులందరికీ ఈ పరీక్ష చేస్తారు.

ఇక్కడే మన ఇళ్ళల్లో ఒక అన్యాయం జరుగుతున్నది. గర్భిణిగా పరీక్షకు పోయేది కోడలు. కాబట్టి ఇంట్లో మొదట జబ్బు బయటపడేది ఆమె రక్తంలో. ‘నువ్వే తెచ్చావు, నా కొడుక్కు అంటించావు’ అని అత్తగారు అంటుంది. కొడుకు అంతకు నాలుగేళ్ళ ముందు నుంచి లారీ మీద తిరుగుతున్నాడో, పరదేశంలో వున్నాడో, ఎన్నడూ పరీక్షే చేయించుకోలేదో ఎవరూ అడగరు. మొదట తేలినంత మాత్రాన మొదట తెచ్చినట్లు కాదు. చాలా ఇళ్ళల్లో గడప దాటని ఇల్లాలికి జబ్బు వచ్చింది తాళి కట్టినవాడి వల్లనే. అతడు చనిపోయాక పిల్లలతో సహా పుట్టింటికి తరిమిన కథలు, పొలంలో భాగం ఎగ్గొట్టిన కథలు ఈ సీమలో వినని ఊరు వుంటుందా? భార్యకు గర్భం నిలిస్తే భర్త కూడా అదే రోజు, అదే బల్ల మీద చేయి చాచి రక్తం ఇవ్వాలి. అత్తలు ఈ ఒక్క మాట పట్టుబట్టి అడిగితే చాలు.

బసివినుల మీద వేసే నింద కూడా ఇలాంటిదే. బళ్ళారి, ఆదోని సీమలో ఆడపిల్లను దేవుడి పేర వదిలే దురాచారం పూర్వం నుంచి వుండేది. 1988లో చట్టం చేసి దాన్ని నిషేధించారు. ఆ పేరుతో బతుకు చెడిన ఆడవాళ్ళను చూపించి ‘జబ్బు వీళ్ళ వల్లే’ అనే పెద్దమనుషులు, వాళ్ళ గడప తొక్కిన మగవాళ్ళ పేర్లు మాత్రం చెప్పరు.

ఇక ఈ జబ్బు రాని దారుల గురించి. ఒకే కంచంలో తిన్నా, ఒకే చెంబుతో నీళ్ళు తాగినా, ఒకే బావిలో స్నానం చేసినా, చేయి పట్టుకొన్నా, దగ్గినా, తుమ్మినా, ఒకే దుప్పటి కప్పుకొన్నా రాదు. దోమ వల్ల రాదు. దోమ కుట్టినపుడు మనలోకి వదిలేది తన లాలాజలాన్నే గాని ముందువాడి దగ్గర తాగిన రక్తాన్ని కాదు. పైగా ఈ వైరస్ దోమ ఒంట్లో బతకదు. దోమ వల్లనే వచ్చేదైతే మన ఊళ్ళల్లో మలేరియాలాగా పసిపిల్లలకు, ముసలివాళ్ళకు అందరికీ ఒకేలా రావాలి కదా? మంగలి కత్తి భయం చాలామందికి వుంది. దాని వల్ల హెచ్.ఐ.వి. రావడం అరుదు. అయినా కామెర్ల వంటి వేరే జబ్బుల కోసమైనా కొత్త బ్లేడు అడగడం మంచిదే. చనిపోయినవారి శవాన్ని మోయడానికి నలుగురు ముందుకు రాని సందర్భాలున్నాయి. ఆ నలుగురికి దాని వల్ల ఏ జబ్బూ రాదు.

మందు సంగతి చెప్పుకొందాం. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఎ.ఆర్.టి. మందులను ఉచితంగా ఇస్తున్నది. మొదట్లో రోగం ముదిరినవారికే ఇచ్చేవారు. 2017 నుంచి జబ్బు తేలినవారందరికీ తేలిన వెంటనే ఇస్తున్నారు. ఒకప్పుడు పూటకు ఇన్ని మాత్రలని మింగవలసి వచ్చేది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలు. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో ఎ.ఆర్.టి. కేంద్రాలున్నాయి. ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు వంటి చోట్ల ప్రభుత్వాసుపత్రుల్లో రక్తపరీక్ష ఉచితంగా చేస్తారు. మనిషిని కూర్చోబెట్టి మాట్లాడి, ఒప్పుకొంటేనే పరీక్ష చేస్తారు. ఫలితం గుట్టుగా చెబుతారు. సోకిన కొత్తల్లో పరీక్షకు అందకపోవచ్చు. అందుకని అనుమానం వున్నవారు మూడు నెలలకు మళ్ళీ చేయించుకోవాలి.

మందు సక్రమంగా వాడితే ఆరు నెలల్లో సాధారణంగా రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి, తగ్గినట్లే నిలబడినవారి నుంచి సంభోగం ద్వారా ఎదుటివారికి జబ్బు సోకదు. ప్రపంచమంతటా వైద్యులు ఒప్పుకొన్న సంగతి ఇది. మన పల్లెల్లో మాత్రం నూటికి పదిమందికైనా తెలిసినట్లు లేదు. మందు వాడే మనిషి తనను కాపాడుకోవడమే కాదు, ఇంటిల్లిపాదినీ కాపాడుతున్నాడు. అతన్ని వెలివేయడం కంటె తెలివితక్కువ పని వుందా?

అయితే మందు ఆపితే కొద్ది వారాల్లో వైరస్ మళ్ళీ తలెత్తుతుంది. ఆపుతూ, మొదలుపెడుతూ వుంటే ఆ మందుకు లొంగని మొండి వైరస్ తయారవుతుంది. దానికి వేరే మందులు వెతకాలి. పక్కనున్న అనంతపురం సీమలో బత్తలపల్లి ఆర్.డి.టి. ఆసుపత్రి వైద్యులు చాలా ఏళ్ళు ఈ జబ్బుకు వైద్యం చేసి తమ అనుభవాలను వైద్య పత్రికల్లో రాశారు. పరీక్షలో తేలినవారిలో చాలామంది మందు మొదలయ్యేలోపే, లేదా మొదలైన కొన్నాళ్ళకే ఆసుపత్రికి రాకుండా పోవడం వారు చూసిన పెద్ద కష్టాల్లో ఒకటి.

ఎందుకు రాకుండా పోతారు? సుగ్గి గుడిసె చూసినవారికి చెప్పనక్కర లేదు. మిరప తోట గట్టున వరసగా పట్టలు కప్పిన గుడిసెలు. ఒక్కోదాంట్లో రెండు సంసారాలు. బట్టల మూట, జొన్నపిండి సంచి, ఉప్పు, కారం తప్ప దాచుకొనే చోటు వుండదు. మాత్రల డబ్బా కదిలితే గలగలమంటుంది. ‘ఏం మాత్రలమ్మీ అవి?’ అని పక్క గుడిసె అడుగుతుంది. ఒకరికి తెలిస్తే మేస్త్రీకి తెలుస్తుంది, మేస్త్రీకి తెలిస్తే మరుసటి ఏడు బండి ఎక్కించుకోడు. ఈ భయంతో డబ్బాను ఊళ్ళోనే అటక మీద వదిలేసి పోతారు. నాలుగు నెలల కూలి తెచ్చుకొంటారు, నాలుగు నెలల మందు పోగొట్టుకొంటారు. ఆ కూలి డబ్బు తర్వాత ఏ ఆసుపత్రి పాలవుతుందో వేరే చెప్పాలా?

సుగ్గికి పోయేవారు మూడు సంగతులు తెలుసుకోవాలి. నిలకడగా మందు వాడుతున్నవారికి రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చే పద్ధతి వుంది. 2020లో కరోనా వచ్చినపుడు దీన్ని బాగా పెంచారు. కాబట్టి పోయే ముందు ఎ.ఆర్.టి. కేంద్రంలో ‘నేను సుగ్గికి పోతున్నా, ఇన్నాళ్ళు రాను’ అని విప్పి చెప్పాలి. రెండవది, చికిత్స పుస్తకాన్ని వెంట వుంచుకొంటే పోయిన చోట దగ్గరి ఎ.ఆర్.టి. కేంద్రంలో కూడా మందు తీసుకోవచ్చు. గుంటూరు పెద్దాసుపత్రిలో వుంది, బెంగుళూరులో వున్నాయి. మూడవది గలగలల సంగతి. డబ్బాలో కాస్త దూది కుక్కితే మాత్రలు చప్పుడు చేయవు. ఎవరైనా అడిగితే రక్తం తక్కువని డాక్టరిచ్చాడని చెప్పండి. ప్రాణం మీదికి వచ్చినపుడు బొంకవచ్చునని శుక్రాచార్యుడంతటివాడే చెప్పాడు.

కువైట్ వైపు చిక్కు ఇంకొక రకం. వీసాకు ముందు మెడికల్‌లో ఈ పరీక్ష చేస్తారు. జబ్బు తేలితే ‘అన్‌ఫిట్’ అంటారు, వీసా రాదు. అప్పు చేసి ఏజెంటుకు కట్టినవాడు ఆ ఒక్క మాటతో కుప్పకూలి ఇంటికి వస్తాడు. ఆ రోజే కడప రిమ్స్ మెట్లు ఎక్కవలసిన మనిషి, మరో ఏజెంటు దగ్గరికి పోతాడు. ఇక ఫిట్ అయినవారిలో ఒక భ్రమ వుంది. మూడేళ్ళ కిందటి మెడికల్ కాగితం బీరువాలో పెట్టుకొని తనకేమీ లేదంటారు. ఆ కాగితం ఆ రోజు సంగతే చెబుతుంది. ఆ తర్వాత గడిచిన రోజులకు అది పూచీ పడదు.

పెళ్ళిళ్ళ విషయంలోనూ ఇంతే. జాతకం చూస్తాం, మేనరికం చూస్తాం, పొలం పాసుపుస్తకం చూస్తాం, కువైట్‌లో జీతమెంతో అడుగుతాం. ఇద్దరికీ రక్తపరీక్ష అనేసరికి పరువు అడ్డొస్తుంది. బలవంతపు పరీక్ష తగదు, చట్టం ఒప్పదు. కాని పిల్లా పిల్లవాడూ ఇష్టపడి చేయించుకొంటే ఎవరి పరువూ పోదు. జబ్బు వున్నవారికి పెళ్ళి, సంసారం, బిడ్డలు వద్దనే కాలం కూడా పోయింది. మందు వాడుతూ, డాక్టరుకు చెప్పి, ఆరోగ్యమైన బిడ్డలను కన్నవారు మన జిల్లాల్లోనే వున్నారు.

ఈ జబ్బు వున్నవారికి 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2018 సెప్టెంబరు నుంచి అమలులో వుంది. దాని ప్రకారం ఉద్యోగం నుంచి తీసేయడం, పిల్లల్ని బడిలో చేర్చుకోకపోవడం, ఆసుపత్రిలో వైద్యం నిరాకరించడం, ఇల్లు అద్దెకు ఇవ్వకపోవడం తప్పు. ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయరాదు, ఒకరి జబ్బు సంగతి మరొకరికి చెప్పరాదు. వీరిపై ద్వేషం రెచ్చగొడితే మూడు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా వుంది. చట్టం బాగుంది. ఊళ్ళో సర్పంచికి, బడి పంతులుకు, ఆశా కార్యకర్తకు ఎంతమందికి తెలుసు అన్నది వేరే ప్రశ్న. ఎ.ఆర్.టి. మందు వాడేవారికి రాష్ట్ర ప్రభుత్వం పింఛను కూడా ఇస్తున్నది. అర్హత వుండి కూడా పేరు బయటపడుతుందని అడగనివారున్నారు.

జిల్లా వైద్యాధికారులు ఒక సంగతి ఆలోచించాలి. డిసెంబరు 1న ఎయిడ్స్ దినం జరుపుతారు. కాలేజీ పిల్లలతో ర్యాలీ తీస్తారు, అరటిపళ్ళు పంచుతారు. ఆ రోజుకు కోసిగి, కౌతాళం జనంలో చాలామంది గుంటూరు తోటల్లో వుంటారు. ఆ ర్యాలీ ఎవరి కోసం? శిబిరాలు దసరా, దీపావళి మధ్య పెట్టాలి. పేరుకు హెచ్.ఐ.వి. శిబిరమంటే ఎవరూ రారు. షుగరు, బి.పి., క్షయ, రక్తహీనతలతో కలిపి ‘సుగ్గి వైద్యశిబిరం’ అని పెడితే వస్తారు. మందు వాడేవారికి తిరిగి వచ్చేదాకా సరిపడా మందు అప్పుడే చేతికివ్వాలి. రెండవ శిబిరం ఉగాది తర్వాత, తిరిగి వచ్చినవారికి. కర్నూలుకు వంద కిలోమీటర్లు పోయి రావడానికి ఒక రోజు కూలి, బస్సు చార్జీలు పోతాయి. అందుచేత పడమటి మండలాల వారికి దగ్గరిలోనే మందు అందే ఏర్పాటు ఏ మేరకు వుందో, ఎక్కడ లేదో లెక్క తీసి ప్రజలకు చెప్పాలి. గుంటూరు, పల్నాడు అధికారులతో మాట్లాడి, మిరప కోతల కాలంలో మన కూలీలుండే తోటల దగ్గరికి ఒక మొబైల్ బండిని పంపమని అడగడం పెద్ద ఖర్చు కాదు.

అంతదాకా ఆగలేనివారికి 1097 నంబరు వుంది. ఏ ఫోను నుంచైనా డబ్బు లేకుండా చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. పేరు, ఊరు చెప్పకుండానే దగ్గరలో పరీక్ష ఎక్కడ చేస్తారో, మందు ఎక్కడ ఇస్తారో అడగవచ్చు.